పుస్తకాల వర్తకుని వీలునామా – థామస్ గై జీవితము

ఈ శతజయంతి సంచికలో మన గుడులను గురించి, బడులను గురించి, మనకు వాక్యము బోధించిన గురువులను గురించి పెద్దలు అనేకులు వ్రాస్తున్నారు. మేము మాత్రము ఒక పుస్తకాల అంగడి యజమానిని గురించి వ్రాయదలచాము. ఆయన మన దేశస్థుడు కాడు. మన ప్రాంతానికి వచ్చిన మిషనెరీయు కాడు. ఆయన కన్నుమూసి 300 ఏండ్లు గడిచిపోయాయి. అయినను ఆయన వ్రాయించిన ఒక్క వీలునామా వలన నిలబడిన ఆస్పత్రిలో నేటికీ రోగులు వైద్యము పొందుతూనే ఉన్నారు. ఆయన పేరు థామస్ గై. లండను నగరములోని గైస్ ఆస్పత్రి ఆయన పేరు మీదనే వెలసింది.

ఈయన కథను ఎందుకు ఎత్తుకొన్నామో ముందుగా మనవి చేస్తాము. మనలో పెద్దవారు చాలమంది మిషను ఆస్పత్రిలోనే కన్ను తెరిచారు. మన తల్లులు అక్కడే పురుడు పోసుకొన్నారు. మన తండ్రుల జ్వరాలు అక్కడే తగ్గాయి. ఆ ఆస్పత్రుల గోడల వెనుక ఎవరో ఇచ్చిన కానుక ఉన్నది. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1898లో ఆస్పత్రి తెరవగలిగారంటే, అమెరికాలోని లూథరన్ స్త్రీలు పంపిన కానుకలే కారణము. న్యూయార్కులోని షెల్ అనే బ్యాంకరు తన భార్య మేరీ టేబర్ షెల్ జ్ఞాపకార్థము 10,000 డాలర్లు ఇవ్వగా, డాక్టర్ ఐడా స్కడర్ గారు 1902లో వెల్లూరులో ఆస్పత్రి తెరిచారు. ఇచ్చినవారు మన ముఖాలు చూడలేదు. మనము వారి ముఖాలు చూడలేదు. నూరేండ్లు పుచ్చుకొన్న చేతులతో ఇక మీదట ఇవ్వవలసిన వంతు మనది గనుక, ఇచ్చినవాడు పోయిన తరువాత కూడ ఇచ్చినది ఎట్లా నిలుస్తుందో తెలుసుకొనుట మంచిది. అందుకు గై జీవితము కంటె స్పష్టమైన పాఠము మాకు కనబడలేదు.

బాల్యము – శిష్యరికము

థామస్ గై 1644లోగాని 1645లోగాని లండనులో థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న సదర్క్ పేటలో జన్మించారు. తండ్రి పడవల మీద బొగ్గు చేరవేసి అమ్ముకొనే సామాన్యుడు. ఆయన అనబాప్టిస్టు సంఘానికి చెందినవాడు. ముగ్గురు పిల్లలలో థామస్ పెద్దవాడు. ఎనిమిదేండ్ల ప్రాయములోనే తండ్రి చనిపోగా, తల్లి పిల్లలను వెంటబెట్టుకొని తన పుట్టింటివారి ఊరైన టామ్‌వర్త్ చేరుకొన్నది. బాలునికి చదువు అక్కడే అబ్బింది. తండ్రిలేని పిల్లల అవస్థ ఎట్టిదో ఆయనకు చిన్ననాడే తెలిసింది.

1660లో తల్లి ఆయనను మరల లండనుకు పంపి, చీప్‌సైడ్ వీధిలో జాన్ క్లార్క్ అనే పుస్తకాల వర్తకుని వద్ద ఎనిమిదేండ్ల శిష్యరికానికి పెట్టింది. పుస్తకాలు కుట్టుట, అట్టలు వేయుట, అమ్ముట ఆయన అక్కడ నేర్చుకొన్నారు. ఆ ఎనిమిదేండ్లలోనే 1665లో లండనును ప్లేగు పట్టి పీడించింది. మరుసటి ఏడు 1666లో మహా అగ్నిప్రమాదము నగరాన్ని దహించింది. రోగులు వీధులలో రాలిపోవుట, ఆస్తులు ఒక్క రాత్రిలో బూడిద అగుట, ఇరవై ఏండ్ల యువకుడుగా ఆయన కండ్లారా చూచిన సంగతులు.

బైబిళ్ల వ్యాపారము

1668లో గై సొంతముగా అంగడి తెరిచారు. కార్న్‌హిల్, లంబార్డ్ వీధులు కలిసే మూలమీద ఆ అంగడి ఉండేది. పెట్టుబడి అంతా కలిపి దాదాపు 200 పౌండ్ల సరుకు. ఆ రోజులలో ఇంగ్లీషు బైబిలును అచ్చు వేసే హక్కు కొద్దిమంది చేతులలోనే ఉండేది. పోటీ లేకపోవుటచేత కాగితము నాసిరకము, అక్షరాలు అరిగిపోయినవి, తప్పులు మెండు, ధర మాత్రము ఎక్కువ. హాలండు దేశములో అచ్చయిన ఇంగ్లీషు బైబిళ్లు శుభ్రముగాను చౌకగాను ఉండుట చూచి గై వాటిని తెప్పించి అమ్మసాగారు. హక్కుదారులు ఊరుకొంటారా? అట్టి సరుకును పట్టించి స్వాధీనము చేయించసాగారు.

అప్పుడు ఆయన మరొక త్రోవ వెదికారు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి కూడ బైబిలు అచ్చువేసే అధికారము ఉన్నది. 1679 ప్రాంతములో గై, పీటర్ పార్కర్ అనే మరొక వర్తకుడు కలిసి ఆ విశ్వవిద్యాలయముతో ఒప్పందము చేసికొని, హాలండు నుండి మంచి అక్షరాలు తెప్పించి, అక్కడనే బైబిళ్లు అచ్చు వేయించారు. పన్నెండు పదమూడేండ్ల పాటు ఆ పని సాగింది. సామాన్యుని ఇంటికి చదువదగిన బైబిలు తక్కువ ధరకు చేరింది. వర్తకునికి లాభము వచ్చింది. ఆయన సంపదకు పునాది పడినది ఇక్కడనే.

పిసినారి అన్న పేరు

గై పెండ్లి చేసుకొనలేదు. బట్టలు సాదావి. తన అంగడి బల్ల మీదనే పాత వార్తాపత్రిక ఒకటి పరచుకొని భోజనము ముగించేవారని ఆనాటివారు చెప్పుకొన్నారు. ఆయనకు పెండ్లి కాకపోవుటకు కూడ లండనులో ఒక కథ ప్రచారములో ఉండేది. ఇంటి పనులు చూచే యువతినే పెండ్లాడ నిశ్చయించుకొన్నారట. ఆ సందర్భములో ఇంటిముందు రాతిబాట బాగు చేయించుతూ, ఫలానా రాయి వరకే చేయవలెనని పనివారికి హద్దు చూపి వెళ్లారట. ఆమె ఆ హద్దు దాటి విరిగి ఉన్న ఒక రాయిని కూడ సరిచేయమని చెప్పిందట. తిరిగి వచ్చి చూచి, పెండ్లి కాకముందే తన మాట దాటినది పెండ్లి అయిన తరువాత ఎంత దూరము పోవునో అని సంబంధము మానుకొన్నారట. కథ ఎట్లున్నా, ఊరివారు ఆయనను ఏ కంటితో చూచేవారో దీనివలన తెలుస్తుంది.

అయితే అదే మనిషి 1678లోనే, అంటే అంగడి పెట్టిన పదేండ్లకే, తల్లి పుట్టిన టామ్‌వర్త్‌లో ఆరుగురు బీద స్త్రీలు ఉండుటకు ఇండ్లు కట్టించారు. 1693లో వాటిని పెంచి పురుషులకు కూడ చోటు కల్పించారు. 1701లో ఆ ఊరికి పురమందిరము కట్టించారు. తన చుట్టాలలో లేనివారికి ఏటేటా సహాయము చేస్తూ వచ్చారు. తన మీద ఖర్చుపెట్టుకొనుటలో మాత్రమే ఆయన చేయి బిగువు.

ఆయన స్వభావములో కఠినమైన పాలు లేకపోలేదు. 1695 నుండి టామ్‌వర్త్ తరఫున పార్లమెంటు సభ్యులుగా ఉండిన ఆయనను 1708 ఎన్నికలో ఆ ఊరివారు ఓడించారు. ఇంత చేసినా తనను కాదన్నారని ఆయనకు ఆగ్రహము కలిగింది. తరువాత ఆ బీదల ఇండ్లలో చేరే హక్కు టామ్‌వర్త్ పట్టణస్థులకు లేకుండ చేసి, తన బంధువులకు, చుట్టుప్రక్కల పల్లెలవారికి మాత్రమే ఉంచారు. దాత కోపము ఆయనతో పోలేదు. ఆయన కానుకలోనే ఉండిపోయింది. ఓటు వేసినవారు పోయిన తరువాత కూడ, ఓటుతో సంబంధము లేని వారి మనుమలు ఆ గడప తొక్కలేకపోయారు. ఇవ్వబోయే ప్రతివాడు తన మనసును ముందుగా పరీక్షించుకొనవలెనని ఈ సంగతి మనలను హెచ్చరిస్తున్నది.

దక్షిణ సముద్రపు కంపెనీ

అంగడి లాభాలను గై పాతిపెట్టి ఉంచలేదు. ప్రభుత్వము చేసిన అప్పుల పత్రాలు ఆ రోజులలో ముఖవిలువ కంటె ఎంతో తక్కువకు దొరికేవి. యుద్ధ నౌకలలో పనిచేసిన నావికులకు జీతము బదులు చీట్లు ఇచ్చేవారు. అవసరములో ఉన్న నావికుడు ఆ చీటిని వచ్చినకాడికి అమ్ముకొనేవాడు. అటువంటి చీట్లను కూడ గై కొన్నారని ఆయన చరిత్రకారులు వ్రాశారు. 1711లో ఇంగ్లండు ప్రభుత్వము తన అప్పు పత్రాలు ఉన్నవారందరికి క్రొత్తగా పెట్టిన దక్షిణ సముద్రపు కంపెనీలో వాటాలు ఇచ్చింది. ఆ విధముగా గై చేతికి 45,500 పౌండ్ల ముఖవిలువ గల వాటాలు వచ్చాయి.

1720లో ఆ కంపెనీ వాటాలకు వెఱ్ఱి గిరాకీ పుట్టింది. ప్రభువులు, గురువులు, విధవలు, వంటవారు కూడ ఎగబడి కొన్నారు. నూరు పౌండ్ల వాటా వెయ్యి పౌండ్ల వరకు ఎగబ్రాకింది. గై ఆ శిఖరము కోసము కాచుకొని కూర్చోలేదు. ధర 300 దాటినది మొదలు 600 వరకు, ఏప్రిల్ జూన్ నెలల మధ్య కొద్ది కొద్దిగా అంతా అమ్మివేశారు. చేతికి వచ్చినది 2,34,000 పౌండ్లకు పైమాట. ఆ సెప్టెంబరులో బుడగ పగిలి వేలాది కుటుంబాలు వీధిని పడ్డాయి.

ఇక్కడ మేము ఒక మాట దాచకుండ చెప్పవలెను. ఆ కంపెనీకి 1713లో దొరికిన ముఖ్యమైన హక్కు ఏమిటంటే, స్పెయిను వారి అమెరికా రాజ్యాలకు ఏటా 4,800 మంది ఆఫ్రికా బానిసలను చేరవేసి అమ్ముట. మనుష్యులను సంకెళ్లతో ఓడల అడుగున కుక్కి తీసికొనిపోయిన కంపెనీ అది. గైకి లాభము వాటాల ధర పెరుగుట వలన వచ్చినదేగాని నేరుగా బానిసలను అమ్ముట వలన వచ్చినది కాదని అనవచ్చును. అయినను ఆ కంపెనీలో ఆయన పెద్ద వాటాదారుడు. 2020లో లండనులో ఈ సంగతి మరల పెద్ద చర్చకు వచ్చి, ఆస్పత్రి ఆవరణలోని ఆయన విగ్రహాన్ని ప్రజల కంటబడకుండ తొలగించవలెనని ఆస్పత్రివారే తలపెట్టారు.

జక్కయ్య కథ మనకు తెలిసినదే. ఆయన బీదలకు సగము ఆస్తి ఇచ్చుటతో ఆగలేదు. ఎవరి వద్ద అన్యాయముగా తీసికొన్నాడో వారికే నాలుగంతలు మరల ఇచ్చుటకు పూనుకొన్నాడు. గై ధనము లండను బీదలకు చేరింది. ఆఫ్రికావారికి ఏమియు చేరలేదు. ఆయన మేలును మరువకూడదు, ఈ లోటును కూడ మరువకూడదు. మన కానుక పెట్టెలో పడే రూపాయి ఏ త్రోవన వచ్చినదో అడుగుట కూడ ఇచ్చుటలో భాగమేనని మా నమ్మిక.

ఆస్పత్రి ఆలోచన

సదర్క్ పేటలో సెయింట్ థామస్ అనే ప్రాచీనమైన ఆస్పత్రి ఉండేది. గై 1704లో దానికి పాలకవర్గ సభ్యులయ్యారు. 1707లో తన ఖర్చుతో అక్కడ మూడు వార్డులు కట్టించారు. ఆ ఆస్పత్రికి వస్తూ పోతూ ఉండగా ఒక బాధ ఆయన కంటబడింది. నయమయ్యే రోగులకే అక్కడ పడక. వ్యాధి కుదరదని వైద్యులు తేల్చినవారిని పంపివేసేవారు. దీర్ఘరోగముతో, లేవలేని స్థితిలో బయటికి వచ్చిన బీదవాడు ఎక్కడికి పోగలడు? లండను వీధులలో చచ్చుటకు పోవలసినదే.

ఎవరును చేర్చుకొనని ఆ రోగుల కోసము వేరొక ఆస్పత్రి కట్టవలెనని గై నిశ్చయించారు. 1721లో సెయింట్ థామస్ ఆస్పత్రి ఎదుటనే ఉన్న స్థలాన్ని ఏటికి 30 పౌండ్ల అద్దెతో 999 సంవత్సరాలకు కౌలుకు తీసికొన్నారు. మరుసటి ఏడు పని మొదలైంది. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదిఏడు దాటింది. కట్టడానికి 18,793 పౌండ్లు ఖర్చు చేశారు. పైకప్పు పడినంత వరకు ఆయన తన కండ్లతో చూచారు.

1724 డిసెంబరు 27న, క్రిస్మసు వెళ్లిన రెండవనాడు, గై మరణించారు. పది దినాలకే 1725 జనవరి 6న అరువదిమంది రోగులతో ఆస్పత్రి తలుపులు తెరిచారు. తూర్పు జ్ఞానులు శిశువైన యేసు ముందు కానుకలు విప్పిన సంగతిని సంఘము స్మరించుకొనే పండుగ దినము అదే.

వీలునామాలోని వివేకము

చనిపోయిన సంవత్సరములోనే సిద్ధపరచిన ఆయన వీలునామాను మనము నెమ్మదిగా గమనించవలెను. ఎందుకంటే ఆస్పత్రిని ఇన్ని ఏండ్లు నిలిపినది ధనము ఒక్కటే కాదు. ధనము వెనుక ఉన్న ఏర్పాటు.

మొదటిది, ఆయన తనవారిని మరువలేదు. భార్యాబిడ్డలు లేకపోయినా దూరపు దాయాదుల వరకు పేరుపేరునా లెక్కించి, పెద్దవారికి బ్రతికినంతకాలము ఏటేటా భృతి, చిన్నవారికి మొత్తముగా సొమ్ము ఏర్పరచారు. టామ్‌వర్త్ బీదల ఇండ్ల పోషణకు ఏటా 125 పౌండ్లు, లండనులోని క్రైస్ట్స్ హాస్పిటల్ అనే బీదపిల్లల బడికి ఏటా 400 పౌండ్లు వ్రాశారు. అప్పు తీర్చలేక చెరసాలలో ఉన్న బీదవారిని మనిషికి ఐదు పౌండ్ల లోపున చెల్లించి విడిపించుటకు 1,000 పౌండ్లు ఉంచారు. ఈ విధముగా ఎవరికి ఇవ్వవలసినది వారికి ఇచ్చిన తరువాతనే, మిగిలిన యావదాస్తి ఆస్పత్రికని వ్రాశారు. ఆ మిగిలినది 2,19,499 పౌండ్లు. తనవారి నోటి ముందరి కూడు లాగి దేవునికి అర్పించినట్లు నటించుటను ప్రభువే పరిసయ్యులలో గద్దించాడు గదా. గై ఆ తప్పు చేయలేదు. అందుచేతనే ఆయన కానుకకు బంధువుల వ్యాజ్యము అడ్డము రాలేదు.

రెండవది, ఆయన అంతయు చావు తరువాతకు వదలిపెట్టలేదు. స్థలము తీసికొనుట, నమూనా గీయించుట, గోడలు లేపించుట, అన్నియు తాను బ్రతికియుండగానే చేశారు. వీలునామా తెరిచేనాటికి అమలుచేసేవారి ముందు కాగితము మాత్రమే కాక ఒక కట్టడము కూడ ఉన్నది.

మూడవది, ఆయన నమ్మకమైన మనుష్యులను ఎంచుకొని, వారిని చట్టముచేత ఒక శాశ్వత సంస్థగా చేయించుటకు పార్లమెంటును కోరవలెనని వ్రాశారు. ఆ ప్రకారమే 1725లో చట్టము వచ్చింది. మనిషి చనిపోతాడు, చట్టప్రకారము ఏర్పడిన ధర్మకర్తల మండలి చనిపోదు. ఒకరు పోతే మరొకరు ఆ కుర్చీలో కూర్చుంటారు.

నాలుగవది, అన్నిటికంటె మేలైనది. నయముకాని రోగుల కోసము అన్నది ఆయన కోరిక. నాలుగు వందల మందికి చోటు ఉండవలెనని, మతి చలించినవారిని ఇరువదిమంది వరకు చేర్చుకొనవచ్చునని వ్రాశారు. అయితే ఎటువంటి రోగులను చేర్చుకొనవలెనో, ఎంతకాలము ఉంచుకొనవలెనో నిర్ణయించే స్వేచ్ఛను ధర్మకర్తలకే వదలివేశారు. ఒకనాడు నయము కాదన్న జబ్బు మరొకనాడు నయము కావచ్చునని ఆ పుస్తకాల వర్తకునికి తోచింది. ఆ స్వేచ్ఛ వలననే ఆ ఆస్పత్రి కొద్దికాలములోనే అన్ని రకాల రోగులను చూచే వైద్యశాలగాను, ఆ తరువాత గొప్ప వైద్య విద్యాలయముగాను పెరిగింది.

విత్తనము, పంట

ధర్మకర్తలు వీలునామా సొమ్ముతో ఎసెక్స్, లింకన్‌షైర్, హెర్‌ఫర్డ్‌షైర్ ప్రాంతాలలో భూములు కొన్నారు. అసలు కదలకుండ, ఆ భూముల శిస్తులతో ఆస్పత్రి నడిచింది. నూరేండ్ల తరువాత ఆ ఆస్పత్రిలో ముగ్గురు వైద్యులు ఒకేకాలములో పనిచేశారు: మూత్రపిండాల వ్యాధిని 1827లో వివరించిన రిచర్డ్ బ్రైట్, శోషరస గ్రంథుల వ్యాధిని 1832లో వివరించిన థామస్ హాడ్జ్‌కిన్, మూత్రపిండాలపై ఉండే చిన్న గ్రంథుల వ్యాధిని 1855లో పుస్తకముగా ప్రకటించిన థామస్ అడిసన్. ఆ మూడు వ్యాధులకు వారి పేర్లే నిలిచాయి. మన ఊరి డాక్టరు కూడ హాడ్జ్‌కిన్ వ్యాధి అనే పేరే వ్రాస్తాడు. కవి జాన్ కీట్స్ 1815లో వైద్యము నేర్చుకొనుటకు చేరినది కూడ ఇక్కడనే.

ఒక వీలునామా మరొక వీలునామాను కన్నది. 1829లో విలియం హంట్ అనే ధనికుడు మరణిస్తూ, మరి నూరుమంది రోగులకు చోటు కల్పించవలెనని కోరి దాదాపు రెండు లక్షల పౌండ్లను గైస్ ఆస్పత్రికే వ్రాశాడు. నూరేండ్లు నమ్మకముగా నడిచిన ధర్మాన్ని చూచినవాడు తన సొమ్మును కూడ అక్కడనే ఉంచుటకు జంకడు. లెక్క సరిగా చూపుట కూడ ఒక సాక్ష్యమే.

కష్టము కూడ వచ్చింది. 1880లలో ఇంగ్లండులో వ్యవసాయము దెబ్బతిని పొలాల శిస్తులు పడిపోయాయి. ఆస్తి అంతా భూమి రూపములోనే ఉండుటచేత ఆస్పత్రి ఆదాయము తరిగి, కొన్ని వార్డులు మూసివేయవలసి వచ్చింది. నూటయరువది ఏండ్లు ఎవరిని అడుగని సంస్థ అప్పుడు ప్రజలను చందాలు అడిగింది. ఎంత పెద్ద నిధియైనను ఒకే గంపలో ఉంచరాదనియు, పూర్వికుల కానుక ఉన్నదని క్రొత్త తరము చేతులు ముడుచుకొని కూర్చోరాదనియు దీనివలన తెలుస్తున్నది. 1948లో ఆ ఆస్పత్రి బ్రిటిషు జాతీయ ఆరోగ్య సేవలో చేరింది. 1993లో సెయింట్ థామస్ ఆస్పత్రితో ఒకే యాజమాన్యము క్రిందికి వచ్చింది.

మన సంగతి

ఇక మన వైపు తిరుగుదాము. మేము ఎరిగిన ఒక వృద్ధురాలు ఉండేది. భర్త లేడు, పిల్లలు లేరు. పొలము రెండెకరాలు, ఒక పెంకుటిల్లు. తాను పోయిన తరువాత ఆ పొలము ఆస్పత్రిలో బీద బాలింతల కోసమని ఆమె ప్రతి కోతపండుగకు అందరి ముందు చెప్పేది. విన్నవారు నూరుమంది ఉంటారు. వ్రాయించినవారు ఒక్కరును లేరు. మంచి దినము చూచి వ్రాయిద్దామని అనుకొంటూండగానే ఒక వేసవిలో ఆమె వెళ్లిపోయింది. పొలము ఆమెను ఏనాడును చూడవచ్చి ఎరుగని దూరపు చుట్టాలకు పోయింది. వారిని తప్పు పట్టలేము. చట్టము వారికే ఇచ్చింది. తప్పు ఆమెది కూడ కాదు. ప్రతి పండుగకు విని చప్పట్లు కొట్టి, కాగితము కలము తెచ్చి ఆమె ముందు పెట్టని మాది.

క్రైస్తవులమైన మనకు ఆస్తి విషయములో 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తిస్తుంది. వీలునామా లేకుండ భర్త చనిపోతే మూడవ వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు కుమారులకు కుమార్తెలకు సమానముగా చెందుతాయి. మనసులో ఎంత కోరిక ఉన్నను, వ్రాయనిదే సంఘానికిగాని ఆస్పత్రికిగాని ఒక్క పైసా చెందదు. వీలునామా వ్రాయుటకు స్టాంపు కాగితము అక్కరలేదు. బుద్ధి స్థిరముగా ఉండి, తన ఇష్టప్రకారము వ్రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము చేసి, ఆ సాక్షులు కూడ సంతకము చేస్తే చాలును. ఆ సాక్షికిగాని, సాక్షి భార్యకు లేక భర్తకుగాని వ్రాసిన ఆస్తి మాత్రము చెల్లదు. కనుక ఆస్తి పొందేవారిని సాక్షులుగా పిలువరాదు. వీలునామా వ్రాసిన తరువాత పెండ్లి చేసుకొంటే ఆ వీలునామా రద్దవుతుంది, మరల వ్రాయవలెను. రిజిస్టరు చేయించుట తప్పనిసరి కాదుగాని, చేయించుట క్షేమము. బ్రతికినంతకాలము మనసు మారితే మార్చుకొనే హక్కు వ్రాసినవారిదే.

గై మరణించిన పన్నెండేండ్లకు, 1736లో, ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టము చేసింది. మరణశయ్య మీద ఉన్నవారిచేత భూములు ధర్మసంస్థలకు వ్రాయించుకొని వారసులకు అన్యాయము చేస్తున్నారన్న భయముతో, చావుకు పన్నెండు నెలల ముందుగా చేసిన దస్తావేజు ఉంటేనే చెల్లునని ఆంక్ష పెట్టింది. అదే ధోరణిలో మన 1925 చట్టములో 118వ సెక్షను వచ్చింది. అన్నదమ్ముల పిల్లలుగాని, అక్కచెల్లెండ్ర పిల్లలుగాని, అంతకంటె దగ్గరి బంధువుగాని ఉన్న క్రైస్తవుడు ధర్మకార్యానికి ఆస్తి వ్రాస్తే, ఆ వీలునామా చావుకు పన్నెండు నెలల ముందు వ్రాసినదై, వ్రాసిన ఆరు నెలలలో ప్రభుత్వ భద్రతలో ఉంచినదై ఉంటేనే చెల్లేది. కేరళకు చెందిన ఒక గురువు దీనిని ప్రశ్నించగా, ఇది సమానత్వానికి విరుద్ధమని 2003లో సుప్రీము కోర్టు ఆ సెక్షనును కొట్టివేసింది. కనుక నేడు ఆ అడ్డు లేదు. అయినను ఆ పాత ఆంక్ష వెనుక ఉన్న మంచి మాటను మనము విడిచిపెట్టనక్కరలేదు. చివరి ఊపిరితో వ్రాయించే కానుక మీద అనుమానాలు కమ్ముకొంటాయి. ఆరోగ్యముగా ఉన్నప్పుడు, పిల్లలను కూర్చోబెట్టుకొని, ఇంట అందరికి తెలిసేటట్లు వ్రాసిన కానుక నిష్కళంకముగా ఉంటుంది.

రెండు లక్షల పౌండ్లు మనకెక్కడివి అని ఎవరైనా అనవచ్చును. గై మొదలుపెట్టినది 200 పౌండ్ల సరుకుతో. విధవరాలి కాసులు రెండే. ఒక పడక ఖర్చు, ఒక ఎకరము ఫలసాయము, భీమా సొమ్ములో పదియవ వంతు, ఏది వ్రాసినను సరే. భార్యకు, బిడ్డలకు, వికలాంగుడైన తమ్ముడు ఉంటే అతనికి ముందుగా వ్రాసి, ఆ తరువాత మిగిలిన దానిలో దేవుని బీదలకు ఒక వంతు వ్రాయుదము. ఆస్పత్రి పేరు, ఊరు, ఏ పనికి అన్నది స్పష్టముగా వ్రాయుదము. ఆ పని అక్కరలేని దినము వస్తే దానికి దగ్గరైన మరొక పనికి వాడుకొనుమని కూడ ఒక పంక్తి చేర్చుదము. అమలుచేయుటకు మనకంటె చిన్నవారిని, నమ్మకమైనవారిని నియమించుదము.

ఆస్పత్రులు నడిపే పెద్దలకు కూడ మాదొక మనవి. వ్రాసి ఇచ్చినవారి కోరిక ఏమిటో పుస్తకములో ఎక్కించి, వచ్చినది ఎంతో, ఖర్చయినది ఎంతో ఏటేటా సంఘము ముందు చదివి వినిపించండి. విలియం హంట్ వంటివారు మన మధ్య కూడ ఉన్నారు. వారు మీ లెక్కల పుస్తకము కోసము ఎదురుచూస్తున్నారు.

రాజైన హిజ్కియా రోగియై పడియున్నప్పుడు ఇల్లు చక్కబెట్టుకొనుమని ప్రవక్త వచ్చి హెచ్చరించాడు. ఆయనకు మరి పదునైదేండ్లు అదనముగా దొరికాయి. మనకు ఎన్ని దొరుకునో దేవునికే ఎరుక. ఈ సంచిక మూసిన తరువాత ఒక తెల్లకాగితము తీసికొని, మనకున్నది ఏమి, మన మీద ఆధారపడినవారు ఎవరు, ఆ పైన దేవుడు మన చేతిలో ఉంచినది ఎంత అని మూడు వరుసలు వ్రాసి చూచుకొందము. రెండవ నూరేండ్లలో ఎవరో ఒక తల్లి, మన పేరు ఎరుగకయే, మన పడక మీద బిడ్డను ఎత్తుకొనవలెనని మా ప్రార్థన.